పురుగుమందుల స్టాండర్డ్స్ తూచే ఉద్యోగం, పైగా రెండో నెల: మానేయమంటారా?

బెంగళూరు నుంచి ఒకావిడ రాసిన పొడవాటి ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను. వయసు 29, సొంతూరు పల్నాడు వైపు. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చేసి, పీణ్యా ప్రాంతంలో ఒక ప్రైవేటు ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నారు. మిర్చి, పసుపు, కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలు చూసే సెక్షన్. ఇంతకుముందు శాంపిల్ ఎక్స్‌ట్రాక్షన్‌లో, అంటే శాంపిల్‌లోంచి మందుని ద్రవాలతో బయటికి లాగే పనిలో ఉండేవారు, ఈ మధ్యే స్టాండర్డ్స్ తయారీకి మార్చారు. స్టాండర్డ్స్ అంటే శాంపిల్‌తో పోల్చి చూడటానికి ఎంత ఉందో కచ్చితంగా తెలిసేలా తయారుచేసి పెట్టుకునే మందు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ఇథియాన్, ట్రైజోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు స్వచ్ఛమైన రూపంలో చిన్న చిన్న సీసాల్లో వస్తాయి, వాటిని తూచి ద్రావణాలు కలిపి పెట్టడం ఇప్పుడు ఆవిడ పని.

ఇప్పుడు రెండో నెల. భర్తకీ, అమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. "మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దంది అమ్మ. ఆఫీసులో అసలే చెప్పొద్దంది, దిష్టి అని." వారం కింద మోనోక్రోటోఫాస్ స్టాక్ సీసా మూత సరిగ్గా బిగించి లేక, ఎత్తగానే రెండు మూడు చుక్కలు గ్లోవ్ మీదా కోటు చేతి అంచు మీదా పడ్డాయట. అది అసిటోన్‌లో కలిపినది, మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము. పని మధ్యలో ఉన్నారు కాబట్టి పూర్తిచేసి, ఒక పావుగంట తర్వాత గ్లోవ్స్ తీశారు. సాయంత్రం తలనొప్పి, వాంతి వచ్చినట్టు అనిపించడం. టీమ్ లీడ్‌కి చెబితే "మిల్లీగ్రాములే కదా, నెట్‌లో చూసి టెన్షన్ పడకు, మనది ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) ల్యాబ్" అన్నారు. ఊళ్లో నాన్నగారేమో "మేము పత్తికి ఇదే మందు చేత్తో కలిపి కొట్టాం, మాకేమైంది" అన్నారు. భర్త రేపే రాజీనామా ఇచ్చేయమంటున్నారు. ఫ్లాట్ ఈఎంఐ ఉంది. చివర్లో ఒక వాక్యం రాశారు: "బిడ్డకి ఏమైనా అయి ఉంటుందేమోనని, ఉంచుకోవాలా వద్దా అని కూడా ఆలోచన వచ్చింది. మీరేమంటారు?"

ముందు ఆ చివరి వాక్యం సంగతే మాట్లాడుకుందాం, మిగతావన్నీ తర్వాత.

అమ్మా, గ్లోవ్ మీద పడ్డ రెండు మూడు చుక్కల్ని పట్టుకుని అంత పెద్ద నిర్ణయం వైపు ఆలోచన పోనివ్వకండి. లెక్క చూద్దాం, మీరు రోజూ చేసే లెక్కే. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. మీ స్టాక్ మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము కాబట్టి చుక్కకి 50 మైక్రోగ్రాములు. మూడు చుక్కలైతే 150. అందులో కొంత కోటు గుడ్డలో ఇంకింది, కొంత గ్లోవ్ పైనే ఉండిపోయింది, చర్మం దాకా వచ్చినది ఆ మిగిలిన దాంట్లో ఒక భాగం. అలాగని సున్నా అనను, ఎందుకంటే సన్నటి నైట్రైల్ గ్లోవ్ అసిటోన్‌ని ఎక్కువసేపు ఆపలేదు, ఒకట్రెండు నిమిషాల్లోనే లోపలికి దారి ఇచ్చేస్తుంది, మీరు పావుగంట ఉంచారు. కానీ అది విషప్రయోగం స్థాయి కాదు. ఈ మందులు ఒంట్లోకి గట్టిగా వెళితే లక్షణాలు మామూలుగా నిమిషాల నుంచి గంటల్లో, ఎక్కువ సందర్భాల్లో ఒక రోజు లోపలే బయటపడతాయి: ఒళ్లంతా చెమట, నోట్లో ఆగకుండా లాలాజలం, కళ్లవెంట ముక్కువెంట నీళ్లు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, ఛాతీ పట్టేయడం, విరేచనాలు, కండరాలు సన్నగా అదరడం. మీరు రాసింది తలనొప్పి, వికారం. రెండో నెల, మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా తినలేదని మీరే రాశారు. వేవిళ్లే అయి ఉండటానికి అవకాశం ఎక్కువ. కానీ ఉత్తరం చదివి తేల్చేసేంత డాక్టర్ని నేను కాదు, ఆ మాట మీ గైనకాలజిస్ట్ నోటి నుంచే రావాలి. ఈ వారంలోనే వెళ్లండి, మీరు ముట్టుకునే రసాయనాల జాబితా కాగితం మీద రాసుకుని వెళ్లండి. "కెమికల్స్‌తో పనిచేస్తాను" అంటే ఏ డాక్టరుకీ ఏమీ అర్థం కాదు. పేర్లు కావాలి, ఎంత మోతాదులో, వారానికి ఎన్నిసార్లు అన్నది కావాలి.

రక్తపరీక్ష గురించి అడిగారు. కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని ఈ మందులు కట్టిపడేస్తాయి, కాబట్టి దాన్ని కొలుస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి, ప్లాస్మాలోది ఒకటి, ఎర్ర రక్తకణాల్లోది ఒకటి. మామూలు డయాగ్నస్టిక్ సెంటర్లలో సీరం కోలినెస్టరేజ్ అని చేసేది మొదటిది. ఇక్కడ మీ విషయంలో ఒక తిరకాసు ఉంది: గర్భంతో ఉన్నప్పుడు ఈ ప్లాస్మా ఎంజైమ్ ఏ మందూ తగలకపోయినా తనంతట తానే తగ్గుతుంది. అది తెలియకుండా రిపోర్టు చూసుకుంటే మీరు ఇంకా హడలిపోతారు. ఎర్ర రక్తకణాల పరీక్ష మేలు, దొరికే చోటు డాక్టర్ని అడగండి. ఇంకో సంగతి, ఈ ఎంజైమ్ స్థాయి మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది, అందుకే పనిలోకి దిగకముందు ఒకసారి చేయించిన అంకె ఉంటేనే తర్వాతి అంకెకి అర్థం. కాలిఫోర్నియాలో ఈ మందులు కలిపే, పిచికారీ చేసే కూలీలకి ఇదే పద్ధతి, ఎవరి మొదటి అంకెతో వాళ్లదే పోలుస్తారు, ఎర్ర రక్తకణాల ఎంజైమ్ అందులో 70 శాతానికి పడితే ఆ పని నుంచి తప్పిస్తారు, మళ్లీ 80కి చేరేదాకా రానివ్వరు. మీ ల్యాబ్‌లో చేరేటప్పుడు మెడికల్ అని ఎక్స్‌రే, షుగర్ చూసి పంపించి ఉంటారు. దీన్ని చూశారా? చూసి ఉండరనే నా అనుమానం.

ఇప్పుడు మీ టీమ్ లీడ్ మాట. "మిల్లీగ్రాములే కదా" అన్నది సగం నిజం, అందుకే దాంతో చిక్కు. ఆ రోజు మీ మీద పడ్డది మిల్లీగ్రాములో ఆరోవంతు కూడా లేదు. కానీ అదే బల్ల మీద మీరు తూస్తున్న స్వచ్ఛమైన మందు సంగతి వేరు. స్పాచులా అంచు నుంచి బ్యాలెన్స్ (తూకం యంత్రం) పాన్ పక్కన రాలిన, ఆనీ ఆననట్టు కనిపించే నలక ఒక మిల్లీగ్రాము ఉందనుకోండి, అది మీ స్టాక్ 20 చుక్కలకి సమానం. 10 మిల్లీగ్రాముల నీట్ స్టాండర్డ్, అంటే ఏమీ కలపని స్వచ్ఛమైన మందు, 200 చుక్కలకి సమానం. మీరు చుక్కలు పడ్డ రోజు గురించి రెండు పేజీలు రాశారు, బ్యాలెన్స్ గురించి మాత్రం "బ్యాలెన్స్ రూమ్ వేరేగా ఉంది, అక్కడ హుడ్ (ఆవిరినీ పొడినీ బయటికి లాగేసే గాజు తలుపు పెట్టె) లేదు, ఏసీ గాలికి రీడింగ్ ఊగుతుంటుంది" అని ఒక్క లైను రాసి వదిలేశారు. నాకు ఉత్తరం మొత్తంలో భయం వేసింది ఆ లైను దగ్గరే. నేను కూడా ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినదాన్నే, అక్కడ ఏం జరుగుతుందో తెలుసు: పొడి స్టాటిక్ పట్టి ఎగురుతుంది, బ్యాలెన్స్ తలుపు పిడి మీద అంటుకుంటుంది, తర్వాత వచ్చిన క్యూసీ కుర్రాడు గ్లోవ్ లేకుండా అదే పిడి పట్టుకుంటాడు.

మీ నాన్నగారి మాటకి కూడా జవాబు ఇక్కడే ఉంది. ఆయన కలిపింది 36 శాతం మందు, దాన్ని ట్యాంకు నీళ్లలో పోశాక ఇంకా ఎన్నో వంతులు పలచబడింది. మీ సీసాలోది నూటికి దగ్గర దగ్గర నూరు పాళ్లు. మోనోక్రోటోఫాస్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో చాలా ప్రమాదకరం అనే వర్గంలో (1బి) ఉంది. 2013లో బిహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఈ మందు కలిసిన నూనె వల్లే. ఇక "మాకేమైంది" అనేది, ఏమీ కానివాళ్లే చెప్పగలిగిన మాట. ఇది ఆయనతో వాదించడానికి కాదు, మీరు మనసులో పెట్టుకోవడానికి మాత్రమే, ఆయన కూతురికి ధైర్యం చెబుదామనే అన్నారు.

ఎన్‌ఏబీఎల్ అనే మాటకి కూడా మోసపోకండి. ఆ గుర్తింపు మీ రిజల్టు నమ్మదగినదా కాదా అని చూస్తుంది, మీ ఊపిరితిత్తుల్ని కాదు. ఆడిట్ రోజున హుడ్‌లోంచి అట్టపెట్టెలు మాయమై, మర్నాడు తిరిగొస్తాయని మీరే నవ్వుతూ రాశారు కదా.

భర్త చెప్పే రాజీనామా సంగతి చూసే ముందు, మీరు రాసిన ఒక ఆలోచన ఆపాలి. "స్టాండర్డ్స్ నుంచి తప్పించి మళ్లీ ఎక్స్‌ట్రాక్షన్‌కి పంపమని అడగనా" అన్నారు. వద్దు. అది పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అవుతుంది. స్టాండర్డ్స్‌లో మైక్రోగ్రాములతో భయపడుతున్నారు, ఎక్స్‌ట్రాక్షన్‌లో అసిటోనైట్రైల్, హెక్సేన్, టాలుయీన్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు, అంటే కరిగించే ద్రవాలు, లీటర్ల లెక్కన ఉంటాయి, పుర్రె బొమ్మ ఉన్న చిన్న సీసాని చూసి అందరూ జడుస్తారు కానీ రెండున్నర లీటర్ల సాల్వెంట్ బాటిల్ మూత తెరిచే పెట్టి టీకి వెళతారు. అసిటోనైట్రైల్ ఒంట్లో మెల్లగా సయనైడ్‌గా మారుతుంది, ఆవిరి పీల్చిన కొన్ని గంటలకి గానీ తెలియదు. గర్భిణికి రోజూ సాల్వెంట్ ఆవిరి పీల్చే పని మంచిది కాదని మీ డాక్టరు కూడా అంటారు. కాబట్టి మీరు అడగాల్సింది బల్ల దగ్గర పని కాదు, కంప్యూటర్ దగ్గర పని: క్రోమటోగ్రామ్‌ల ఇంటిగ్రేషన్, డేటా రివ్యూ, మెథడ్ వ్యాలిడేషన్ రిపోర్టులు, ఆడిట్ పేపర్లు. స్టాండర్డ్స్ తెలిసిన మనిషి ఆ పనికి దొరకడం వాళ్లకీ లాభమే, అలాగే అడగండి.

దారులు ఇవీ. ఆఫీసుకి ఇప్పుడే చెప్పడం ఒకటి. అమ్మగారి మాట నాకు అర్థమైంది, మన ఇళ్లలో అందరం విన్నదే, మొదటి మూడు నెలల్లో ఏమైనా జరిగితే పదిమందికీ సమాధానం చెప్పుకోవాల్సి వస్తుందనే దాని వెనకున్న బాధ. కానీ బిడ్డ అవయవాలు ఏర్పడేది సరిగ్గా ఆ నెలల్లోనే, జాగ్రత్త ఎక్కువ కావాల్సినప్పుడే నోరు మూసుకోమంటే ఎలా? ఊరందరికీ చెప్పక్కర్లేదు. మీ మేనేజర్‌కో, హెచ్‌ఆర్‌లో మీరు నమ్మే ఒక్కరికో, డాక్టర్ ఇచ్చిన లెటర్‌తో చెప్పండి, విషయం తమ దగ్గరే ఉంచమని అడగండి. బయటికి పొక్కే అవకాశం ఉంది, చిన్న ఆఫీసుల్లో గోడలకి చెవులుంటాయి. ఈ ఏడాది హైక్ కొంచెం అటూ ఇటూ అవ్వొచ్చు, అది అన్యాయమే, కానీ జరుగుతుందని ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇంకో దారి, గర్భం సంగతి ఎత్తకుండా కేవలం భద్రత గురించి మాట్లాడటం. ఇది అందరి సమస్యే కాబట్టి మీ మీద వేలు పడదు, పనికొస్తే మీ తర్వాత వచ్చే అమ్మాయికీ మేలు. కానీ ఫైలు కదిలి, కొటేషన్ వచ్చి, హుడ్ సర్వీసు అయ్యేసరికి మీకు సీమంతం అయిపోతుంది. ఒంటరిగా ఈ దారి మీకు చాలదు. మొదటిదానికి జతగా అయితే బాగుంటుంది.

రాజీనామా మూడోది. తప్పని నేను అనను, నిద్ర పట్టనంత భయంతో తూకం వేసే మనిషి చేయి వణుకుతుంది, అది ఇంకో ప్రమాదం. కానీ లెక్క తెలిసి చేయండి. వెనకటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు మీ హక్కు. ఇప్పుడు మానేస్తే అది పోయినట్టే అనుకోవాలి, కొత్త చోట ఆ 80 రోజులు మళ్లీ మొదటి నుంచి, అదీ కడుపు కనిపించే సమయంలో ఇంటర్వ్యూలకి తిరిగి. వాళ్లు పని మార్చనని మొండికేస్తే అప్పుడు ఈ దారి ఉండనే ఉంది. ముందు అడగకుండానే దాన్ని వాడేయకండి.

పని మారేదాకా మధ్యలో కొన్ని రోజులు గడుస్తాయి కదా, అప్పటికి ఇవి. నీట్ మందు తూచడం అసలు వద్దని చెప్పండి, సర్టిఫైడ్ ద్రావణాలు ఆంప్యూల్స్‌లో (సీల్ చేసిన చిన్న గాజు గొట్టాల్లో) రెడీగా దొరుకుతాయి, ఖర్చు ఎక్కువంటారు, బ్యాలెన్స్ దగ్గర పోయే మందూ పోయే టైమూ లెక్కేస్తే అంత తేడా ఉండదు. నీట్ తప్పదంటే సీసాలో ఉన్నదంతా హుడ్‌లోనే సాల్వెంట్ పోసి కరిగించే పద్ధతి ఉంది, సర్టిఫికెట్‌లో ఉన్న బరువు మీద కాకుండా సీసాని ముందూ తర్వాతా తూచి లెక్క కడతారు, పొడి బయటికి రానే రాదు. అది వేరేవాళ్లు చేయాలి, ఇప్పుడు మీరు కాదు. ఆక్సాన్ పేరుతో వచ్చే సీసాలు, పారాఆక్సాన్, క్లోరిపైరిఫాస్ ఆక్సాన్ లాంటివి, మీ దగ్గర ఉంటే వాటి జోలికి అసలు వెళ్లకండి. క్లోరిపైరిఫాస్ ఒంట్లోకి వెళ్లి లివర్‌లో ఏ రూపంలోకి మారి పనిచేస్తుందో, ఆ రూపమే ఇది, మధ్యలో ఆలస్యం ఉండదు.

గ్లోవ్స్ కడిగి ఆరేసి మళ్లీ వాడుతున్నామని రాశారు, అది ఇవాళే ఆపేయండి. రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, చుక్క పడిన క్షణమే పైది తీసి పారేయాలి, పని సగంలో ఉన్నా సరే, శాంపిల్ పోతే పోయింది. చర్మానికి తగిలితే సబ్బూ నీళ్లతో బాగా కడగాలి, బట్టల మీద పడితే ముందు బట్టలు విప్పాలి, సిగ్గు తర్వాత. హుడ్ పని చేస్తోందా అని ఆడిట్ కాగితం చూడక్కర్లేదు, టిష్యూ పేపర్ పీలిక ఒకటి హుడ్ అద్దం కింది అంచున పట్టుకోండి, లోపలికి గట్టిగా లాగాలి. మీ హుడ్‌లో బాటిళ్ల పెట్టెలు వెనక గాలి లాగే సందుల్ని మూసేసి ఉంటాయి కాబట్టి ఆ పీలిక బద్ధకంగా ఊగుతుందని నా పందెం.

ఇంకో రెండు. శనివారం శనివారం ల్యాబ్ కోటు ఇంటికి తెచ్చి అత్తగారి చీరలతో కలిపి మెషిన్‌లో వేస్తున్నానన్నారు. చుక్కలు పడ్డ ఆ కోటు ఏమైంది? ఇంకా అలాగే వాడుతుంటే దాన్ని కవర్‌లో కట్టి ల్యాబ్‌కి తీసుకెళ్లి ప్రమాదకర వ్యర్థాల్లో వేయించండి. ఇకమీదట కోటు గేటు దాటకూడదు, ఉతికించడం కంపెనీ బాధ్యత. స్టాండర్డ్స్ పెట్టే ఫ్రిజ్‌లో ఎవరిదో పెరుగు డబ్బా కూడా ఉంటుందని సరదాగా రాశారు, దాన్ని ఫొటో తీసి ఉంచండి, మాటల కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

బిడ్డ గురించి ఒక్కటి దాచకుండా చెబుతాను. క్లోరిపైరిఫాస్ విషయంలో, గర్భంలో ఉండగా తల్లికి తగిలిన దానికీ తర్వాత పిల్లల ఎదుగుదలకీ సంబంధం చూపిన పరిశీలనలు ఉన్నాయి, న్యూయార్క్ నగరంలో ఇళ్లలో ఈ మందు కొట్టిన రోజుల్లో పుట్టిన పిల్లల మీద చేసినవి వాటిలో బాగా తెలిసినవి. యూరప్ 2020లో ఆ మందు అనుమతిని కొనసాగించకపోవడానికి పిల్లల మెదడు గురించిన ఈ అనుమానం ఒక కారణం. కానీ అవి ఇంట్లో, గాలిలో నెలల తరబడి తగిలిన తల్లుల సంగతులు. ఒక్క మధ్యాహ్నం గ్లోవ్ మీద పడ్డ చుక్కలవి కావు. జరిగిపోయిన ఆ మధ్యాహ్నం గురించి కాదు, రాబోయే ఏడు నెలల గురించి భయపడండి, ఎందుకంటే అది ఇంకా మీ చేతిలో ఉంది. 18 నుంచి 20 వారాల మధ్య అందరికీ చేసే అనామలీ స్కాన్ మీకూ చేస్తారు, డాక్టరుకి ఈ సంగతి ముందే తెలిసి ఉంటే సరిపోతుంది.

మళ్లీ ఎప్పుడైనా ఒలికి, చెమటలూ లాలాజలమూ చూపు మసకా మొదలైతే కూర్చుని ఆలోచించొద్దు, 108కి ఫోన్ చేయాలి, సీసా లేబుల్ ఫొటో తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్లాలి. అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు మందులు ఉన్నాయి, ఏ మందు తగిలిందో డాక్టరుకి తెలిస్తే ఆలస్యం కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, 24 గంటలూ ఫోన్‌లో డాక్టర్లకి కూడా సలహా ఇస్తుంది, ఆ నంబరు మీ ల్యాబ్ గోడ మీద ఉండాలి, ఉందో లేదో చూడండి.

సోమవారం మేనేజర్‌తో మాట్లాడాక, మాట్లాడింది మాట్లాడినట్టు అదే రోజు ఒక మెయిల్ రాయండి. కోపం వద్దు, పొడవు వద్దు: ఫలానా తారీఖున ఫలానా స్టాండర్డ్ ఒలికింది, టీమ్ లీడ్‌కి చెప్పాను, డాక్టర్ సలహా ప్రకారం సాల్వెంట్లూ పురుగుమందుల స్టాండర్డ్సూ లేని పని ఇవ్వమని కోరుతున్నాను, ఎప్పటి నుంచి మారుస్తారో దయచేసి చెప్పండి. అంతే. ఒలికిన సంగతి ఇన్సిడెంట్ రిజిస్టర్‌లో కూడా ఎక్కించమనండి, రిజిస్టరే లేదంటే ఆ మాట కూడా మెయిల్‌లో ఒక లైను. తారీఖు కనిపించేలా ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోండి.